మంగళవారం రాత్రి పన్నెండుంపావు

బండారులంకలో ఎవరు ఏ ఊరు వెళ్ళాలన్నా ముందు సత్యప్రసాద్‌గారిని అడిగేవారు. చీరల మూటలు వేసుకుని ఏళ్ళ తరబడి రాజమండ్రి, ఏలూరు, బెజవాడ తిరుగుతున్న మనిషి. ఏ బస్సు రావులపాలెంలో టీకి ఆగుతుందో, ఏ బస్సులో ఎడమవైపు కూర్చుంటే ఎండ తగలదో ఆయనకి నోటికి వచ్చు. చెప్పి ఊరుకోవడమే కాదు, తను చెప్పినట్టే వెళ్ళారో లేదో మర్నాడు కనుక్కునేవారు కూడా. అయితే ఆయన తిరిగినవన్నీ పగటి బస్సులు. తెల్లారి బయలుదేరి పొద్దుగూకేలోగా ఇంటికి చేరే మనిషికి అర్ధరాత్రి బస్సుతో ఏనాడూ పని పడలేదు. ఈ సంగతి ఆయనకే తట్టలేదు, ఇంక మిగతావాళ్ళకేం తడుతుంది.

ఆయన తమ్ముడు మస్కట్‌లో పనిచేస్తాడు. తమ్ముడి భార్య వెంకటలక్ష్మి బావగారి మగ్గం మీదే చీరలు నేస్తుంది. వాళ్ళకి ఒక్కతే కూతురు శిరీష. పదో తరగతి పరీక్షలైన దగ్గర్నుంచి ఆ పిల్ల పొద్దున్నే రాట్నం ముందు కూర్చుని కండెలకి నూలు చుట్టేది. రాట్నం చప్పుడులో ఎవరూ తనని ఏమీ అడగరు, జవాబు చెప్పే పని ఉండదు. అది ఆమెకి హాయిగానే ఉండేది. కానీ బతుకంతా ఆ చప్పుడే వినాల్సి వస్తుందేమోనని తలుచుకుంటే మాత్రం చెయ్యి ఆగిపోయేది.

లెక్కల టీచరు భవానీదేవిగారు తనే పూనుకుని, విజయవాడ అవతల ఉన్న ఒక ప్రభుత్వ గురుకుల జూనియర్ కాలేజీకి శిరీష చేత దరఖాస్తు పెట్టించారు. అక్కడే ఉండి చదువుకోవచ్చు, ఖర్చు లేదు. మే నెలాఖరులో కౌన్సెలింగ్‌కి పిలుపు వచ్చింది. బుధవారం పొద్దున ఎనిమిదింటికి అక్కడ ఉండాలి. పేరు పిలిచినప్పుడు మనిషి లేకపోతే సీటు తరవాతి వాళ్ళకి ఇచ్చేస్తామని ముందే చెప్పారు.

"నీ మార్కులకి సీటు ఖాయం శిరీషా. పిలిచినప్పుడు నువ్వు ఎదురుగా ఉంటే చాలు. ఇంకేం చెయ్యక్కర్లేదు," అన్నారు భవానీదేవిగారు.

ఉండటమే కావాలంటే తనకన్నా బాగా ఎవరుంటారు అనుకుంది శిరీష. మాట్లాడమంటేనే ప్రాణం మీదికి వస్తుంది గానీ, ఉండమంటే ఎంతసేపైనా ఉండగలదు. ఆ రాత్రి నిద్ర పట్టక, ఎన్నడూ చూడని ఆ కాలేజీలో తన మంచం ఏ కిటికీ పక్కన ఉంటుందో కూడా ఊహించుకుంది. సీటు రాకపోతే ఏం చెయ్యాలో పెదనాన్న అప్పటికే చెప్పేశారు. అమలాపురంలో ఇంటర్‌లో చేరాలి. సాయంత్రాలు మగ్గం నేర్చుకోవాలి.

తీసుకెళ్ళేది ఆయనే అని ఎవరూ అనుకోకుండానే ఖాయమైపోయింది. అన్నయ్య ఉండగా భయమేంటి అన్నాడు తండ్రి ఫోన్లో. బెజవాడలో చుట్టాలెవరూ లేరు, ఆడవాళ్ళని తీసుకెళ్ళి లాడ్జిలో దిగడం ఆయనకి ఇష్టం లేదు. అందుకని మంగళవారం రాత్రి బస్సెక్కి, తెల్లారేసరికి బెజవాడలో దిగి, అక్కణ్ణించి ఇంకో బస్సు పట్టుకోవాలని తేల్చారు. అమలాపురంలో అర్ధరాత్రి పన్నెండుంపావుకి ఒక బస్సుంది.

ఆయన తల్లి లోవమ్మగారు అక్కడ అడ్డం పడ్డారు. మంగళవారం నాడు ఆడపిల్లని గడప దాటించడమేంటని. పన్నెండు దాటాక బుధవారమే కదమ్మా అన్నారు సత్యప్రసాద్‌గారు. నిజానికి ఆ మొత్తం వ్యవహారంలో ఆయన సరిగ్గా చెప్పిన మాట అదొక్కటే.

"పొద్దు పొడవందే బుధవారం ఎలా అవుద్దిరా? పంచాంగం తీసి చూడు," అన్నారు లోవమ్మగారు.

ఆయన పంచాంగం తీయలేదు. తల్లి మాట కాదనే అలవాటు లేక, నిజమేలే మంగళవారమే అని తలూపారు. తగువు అక్కడితో తీరింది, కానీ ఆ రాత్రి మంగళవారానిదే అన్నది ఆయన బుర్రలో మేకు కొట్టినట్టు దిగిపోయింది.

ఇక మంగళవారం దోషానికి విరుగుడు లోవమ్మగారే చెప్పారు. మంచి రోజు చూసి, వెళ్ళే దారిలో ఉన్న ఇంకొకరింట్లో మన సంచి ఒకటి ముందుగా పెట్టి రావాలి. దాన్ని ప్రస్థానం అంటారు. సంచి కదిలిందంటే మనిషి కదిలినట్టే లెక్క, ఆ తరవాత ఏ రోజు వెళ్ళి దాన్ని అందుకున్నా దోషం అంటదు. అమలాపురం బస్టాండు వెనక వీధిలో వాళ్ళకి వరసకి అత్తయ్య అయిన బుచ్చమ్మగారి ఇల్లుంది. సోమవారం నాడు శిరీష సర్టిఫికెట్లన్నీ పెట్టిన నల్ల సంచిని అక్కడ ఉంచి రావాలనుకున్నారు.

తల్లీకూతుళ్ళకీ తనకీ కలిపి మూడు టికెట్లు ఆదివారం సాయంత్రమే తీశారు. సత్యప్రసాద్‌గారు అరుగు మీద కూర్చుని, కళ్ళజోడు పైకీ కిందకీ జరుపుకుంటూ ఫోన్లో నొక్కుతున్నారు. మంగళవారం తారీఖు మీద వేలు పెట్టారు. బస్సు ఎదురుగా 00.15 అని ఉంది. సున్నా సున్నా అంటే పన్నెండని అర్థమని, చాలామందికి ఇదే తెలియక తికమక పడతారని లోపలున్న తల్లికీ మరదలికీ వినబడేలా చెప్పారు. టీ తెచ్చిన శిరీష గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడింది. ఆరో తరగతిలో ఇరవైనాలుగు గంటల గడియారం మీద చేసిన లెక్కలు గుర్తొచ్చాయి. చాలాసేపు కూడదీసుకుని అడిగింది.

"పెదనాన్నగారూ, పన్నెండు దాటేక తారీఖు మారిపోద్దేమోనండి."

ఆయన కోప్పడలేదు. నవ్వారు. "తారీఖు సంగతి సరేనమ్మా. మనం ఎక్కేది మంగళవారం రాత్రా, కాదా?"

"ఆయ్. మంగళవారం రాత్రేనండి."

"మరింకేం?"

లోపల్నించి లోవమ్మగారు, ఈ మాత్రం మీ బళ్ళో చెప్పలేదేంటే అని ఎకసెక్కమాడారు. శిరీష ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. గ్లాసు కడుగుతూ అమ్మకి చెప్పింది. పెదనాన్నకి తెలియదా అంది వెంకటలక్ష్మి. అంతమంది కలిసి ఒకే మాట అంటుంటే శిరీషకీ తన లెక్క మీద నమ్మకం సడలింది. బస్సులవాళ్ళు కూడా పంచాంగమే చూస్తారేమో, ఎవరికి తెలుసు.

సోమవారం రాహుకాలం వెళ్ళాక సంచిని తీసుకెళ్ళి బుచ్చమ్మగారింట్లో దేవుడి గూటి కింద పెట్టి వచ్చారు. ఆ రాత్రి పొద్దుపోయాక సత్యప్రసాద్‌గారి ఫోనుకి బస్సు నంబరు, డ్రైవరు నంబరు వచ్చాయి. మర్నాడు అవి చూసి ఆయన చాలా మెచ్చుకున్నారు. రాత్రి ప్రయాణానికి ముందురోజే చెప్పేస్తున్నారు, ఇలాంటి పద్ధతి మన కాలంలో ఉండేదా అని అందరికీ చూపించారు. అర్ధరాత్రి తెలియని నంబరు నుంచి వచ్చిన మూడు ఫోన్లు కూడా ఉన్నాయి అందులో. లోను ఇస్తామనే వాళ్ళెవరో అయ్యుంటారని వాటిని తీసేశారు.

అవి ఆ బస్సు డ్రైవరువి. ఆ సమయానికి బస్సు ఈ ముగ్గురి కోసం బస్టాండులో ఎదురుచూస్తోంది. ముగ్గురూ బండారులంకలో నిద్రపోతున్నారు. సంచి ఒక్కటే బస్టాండు వెనక వీధిలో, బస్సు హారన్ వినబడేంత దూరంలో ఉంది.

మంగళవారం రాత్రి ఆటోలో అమలాపురం వచ్చి, బుచ్చమ్మగారింట్లో సంచి అందుకుని బస్టాండుకి చేరారు. సంచి సత్యప్రసాద్‌గారు తీసుకుని చంకలో పెట్టుకున్నారు. పిల్ల దగ్గర ఉంటే ఎక్కడైనా మర్చిపోతుందని ఆయన భయం. ఒకటి రెండు షాపులు తప్ప అన్నీ కట్టేశారు. దోమలు పట్టి పీకుతున్నాయి. శిరీష లేచి బస్సుల వేళల బోర్డు దగ్గరికి వెళ్ళింది. పొద్దున్న బస్సు, మధ్యాహ్నం బస్సు, రాత్రి బస్సు అని వరసగా కిందికి రాసుకొచ్చారు. వాళ్ళు ఎక్కాల్సిన 00.15 మాత్రం కింద లేదు. అన్నిటికన్నా పైన, మొట్టమొదటి వరసలో ఉంది. రాత్రికి ఆఖరు అని తామందరూ అనుకుంటున్న బస్సు బోర్డు లెక్కలో రోజుకి మొదటిది. శిరీష దాన్ని రెండుసార్లు చదువుకుంది. వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. అప్పుడు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

బస్సు వేళకే వచ్చింది. తలుపు దగ్గర నిలబడ్డ అతను టికెట్ చూసి, ఫోను వెలుగులో మళ్ళీ చూశాడు.

"ఇవి నిన్నటివండీ. నిన్న మీకోసం బస్సు ఆపేం కూడాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు మీరు."

సత్యప్రసాద్‌గారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు. సీట్లు ఒక్కటీ ఖాళీ లేవని, ఈ బస్సులో నిలబెట్టి తీసుకెళ్ళడానికి ఒప్పుకోరని అతను మర్యాదగానే చెప్పాడు. వెంకటలక్ష్మి, పిల్లనైనా ఎక్కించుకోండి బాబూ, కింద కూర్చుంటుంది అని బతిమాలింది. అతను తల అడ్డంగా ఊపి తలుపు వేసుకున్నాడు.

బస్సు వెళ్ళిపోయాక సత్యప్రసాద్‌గారు ఎంక్వయిరీ కిటికీ దగ్గరికి నడిచారు. ఊళ్ళో అందరికీ బస్సులు చెప్పే మనిషి. తన టికెట్ నిన్నటిదని ఒక కుర్రాడు మరదలి ముందు చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన నడకలోనే తెలుస్తోంది, ఇక ఇది కాలేజీ సంగతి కాదని.

కిటికీలో శ్యామ్ బాబు అనే ఆయన ఉన్నాడు. నిద్రమొహం, మెడలో తువ్వాలు. టికెట్ చూసి, ఇది మంగళవారం తెల్లవారుజాము బస్సుకి తీశారండీ అన్నాడు.

"రాత్రి పన్నెండుంపావుని తెల్లవారుజాము అంటారాండీ మీ ఊళ్ళో?"

బెంచీల మీద పడుకున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. ఆ వేళప్పుడు బస్టాండులో కాలక్షేపం దొరకడమే ఎక్కువ. చుట్టూ పదిమంది చేరారు. శివరాత్రి జాగారం తెల్లవార్లూ చేసినా దాన్ని ఒక్క రోజే అంటాం కదా అని ఒకాయన సత్యప్రసాద్‌గారి పక్షం చేరాడు. మరి మీ మనవడు రాత్రి ఒంటిగంటకి పుడితే ఆసుపత్రివాళ్ళు ఏ తారీఖు వేసేరు అని ఇంకొకాయన అడిగాడు. తారీఖు వేరు, వారం వేరు అన్నాడు మొదటాయన. ఇప్పుడు ఏ వారమో ముందు అది తేల్చండి బాబూ, నాకు శనివారం ఉపవాసం, ఎప్పుడు మొదలెట్టాలో తెలీకుండా ఉంది అని ఒకతను అంటే అందరూ నవ్వారు. సత్యప్రసాద్‌గారు నవ్వలేదు. సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా ఒక రోజని, తాతముత్తాతల నాటి లెక్క కాదనడానికి మీరెవరని కిటికీ చెక్క మీద వేలితో కొడుతూ అడుగుతున్నారు.

అప్పుడే రాజోలు మీదుగా బెజవాడ వెళ్ళే కాకినాడ బస్సు ఒకటి లోపలికి వచ్చింది. అది వేళ తప్పి వచ్చింది కాబట్టే వీళ్ళ కంట పడింది. కండక్టరు దిగి బెజవాడ, బెజవాడ అని కేకలేశాడు. వెంకటలక్ష్మి పరుగున వెళ్ళి అడిగింది. వెనక మూడు సీట్లు ఉన్నాయి. కొంచెం చుట్టుదారే గానీ ఆరింటికల్లా దింపేస్తామన్నాడు. ఆరింటికి దిగితే ఎనిమిదింటికి కాలేజీ దగ్గర ఉండొచ్చు. వెంకటలక్ష్మి ఒక కాలు మెట్టు మీద పెట్టి, ఆ కాలు తీస్తే బస్సు వెళ్ళిపోతుందన్నట్టు అలాగే నిలబడింది.

"పరిగెత్తు. బావగార్ని పిలుచుకురా. సంచి ఆయన దగ్గరుంది."

శిరీష పరిగెత్తింది. మనుషుల మధ్యనుంచి దూరి ఆయన వెనక్కి చేరింది.

"పెదనాన్నగారూ, బస్సండి."

ఆయన చెయ్యి వెనక్కి పెట్టి ఆగమన్నట్టు ఊపారు. శ్యామ్ బాబు ఏదో అంటున్నాడు, అది వినడంలో ఉన్నారు. శిరీష ఇంకోసారి పిలిచింది. తన గొంతు తనకే వినబడలేదు. ఇంకెవరైనా అయితే అరిచేవారు. భుజం పట్టుకుని ఊపేవారు. ఆమెకి అంతమంది మగవాళ్ళ మధ్య అది చేతకాలేదు. చంకలో ఉన్న సంచి పట్టీ కనిపించింది. దాన్ని పట్టుకుని లాగింది. సంచి జారిపోతోందనుకున్నారో, ఎవరో లాగుతున్నారనుకున్నారో, సత్యప్రసాద్‌గారు తిరిగి చూడకుండానే చెయ్యి గట్టిగా బిగించారు.

"బెజవాడ బస్సండి, సీట్లున్నాయంటండి," అంది ఈసారి కాస్త పైకి.

"పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారా లేదా?" అన్నారు ఆయన.

కండక్టరు రెండుసార్లు విజిల్ వేశాడు. వెంకటలక్ష్మి ఇంకొక్క నిమిషం బాబూ అంటోంది. ఇప్పటికే ఆలస్యమైందమ్మా అన్నాడు అతను. శిరీష ఇటు తిరిగి చూసేసరికి అమ్మ రెండు కాళ్ళూ నేల మీదే ఉన్నాయి. బస్సు వెనక ఎర్ర దీపాలు గేటు దాటుతున్నాయి.

కిటికీ దగ్గర అప్పటికి తగువు తేలింది. శ్యామ్ బాబు విసుగెత్తి, మీరన్నదీ నిజమేనండీ, చాలామంది ఇలాగే పొరబడుతున్నారు, బోర్డు మీద రాయించమని పైవాళ్ళకి చెప్తానండీ అన్నాడు. సత్యప్రసాద్‌గారు వెనక్కి తిరిగారు. మొహం వెలిగిపోతోంది.

"విన్నావా? ఒప్పుకున్నాడు."

"బస్సు వెళ్ళిపోయిందండి," అంది వెంకటలక్ష్మి.

"ఏ బస్సు?" అన్నారు ఆయన.

ఆమె చెప్పింది. ఆయన కాసేపు గేటు వైపు చూశారు. ముందే చెప్పొద్దా అన్నారు. తరవాత, ఇక వెళ్ళి లాభం లేదు, ఇంటికి పోదాం పదండన్నారు. పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళలో బావగారికి ఎదురు చెప్పని వెంకటలక్ష్మి మొదటిసారి ఆయన మొహంలోకి చూసి మాట్లాడింది.

"అందినా అందకపోయినా వెళ్దామండి బావగారూ."

తెల్లారగట్ట మొదటి బస్సెక్కారు. తాడేపల్లిగూడెం దాటాక సత్యప్రసాద్‌గారికి నిద్ర పట్టింది, సంచి ఒళ్ళోనే ఉంది. కాలేజీకి చేరేసరికి పదకొండవుతోంది. హాలులో కుర్చీలు సగం తీసేసి ఉన్నాయి. బల్ల దగ్గరున్న మేడమ్ శిరీష నంబరు చూసి, పొద్దున్నే పిలిచాం కదమ్మా, రెండుసార్లు పిలిచాం అంది. ఆమె గొంతులో కోపం లేదు, బాధే ఉంది. సీటు తీసుకున్న పిల్ల ఎవరో బయట వరండాలో వాళ్ళ నాన్నతో ఫోన్లో మాట్లాడుతూ నవ్వుతోంది. అక్కడ శిరీష చెయ్యాల్సిన పని ఏమీ లేదు. ఉండటం ఒక్కటే, అది కూడా అయిపోయింది.

ఇంటికి రాగానే లోవమ్మగారు, నే చెప్తూనే ఉన్నానా మంగళవారమని అన్నారు. సంచి ముందు పంపినా దోషం పోలేదంటే పిల్ల రాత అలా ఉందని కూడా అన్నారు. మస్కట్ నుంచి తండ్రి ఫోన్ చేసి, అన్నయ్య మాత్రం ఏం చేస్తాడు, మన టైము అన్నాడు. భవానీదేవిగారు ఇంటికే వచ్చి అడిగారు. బస్సు తప్పిపోయిందండి అంది శిరీష. అంతకన్నా చెప్పడానికి లేదు, పెదనాన్న అక్కడే కుర్చీలో ఉన్నారు.

సత్యప్రసాద్‌గారు మాత్రం ఆ రాత్రి కథ చాలామందికి చెప్పారు. కిటికీ చెక్క, శివరాత్రి, శ్యామ్ బాబు నోటమాట లేకుండా నిలబడ్డం, పదిమంది తన పక్షం రావడం, చివరికి ఒప్పుకోవడం. చెప్పినప్పుడల్లా పదిమంది కాస్తా ఇరవైమంది అయ్యారు. కాకినాడ బస్సు అందులో ఎప్పుడూ లేదు. కొన్నాళ్ళకి ఆయన దాన్ని నిజంగానే మర్చిపోయారని శిరీషకి అర్థమైంది. అబద్ధమాడుతున్నా కొంత నయంగా ఉండేది.

శిరీష అమలాపురంలో ఇంటర్‌లో చేరింది. సాయంత్రం నాలుగున్నరకి బస్టాండులో బండారులంక బస్సు కోసం నిలబడుతుంది. ఇంటికి వెళ్ళాక చీకటిపడేదాకా మగ్గం. శ్రావణ మాసంలో ఒకరోజు చూస్తే బోర్డు కింద ఎర్ర రంగుతో కొత్తగా రాసి ఉంది: రాత్రి పన్నెండు గంటలు దాటిన తరువాత బయలుదేరు బస్సులకు మరుసటి రోజు తేదీతో టికెట్ తీసుకోవలెను.

ఆ వారంలోనే సత్యప్రసాద్‌గారు ఎవరో చీరల వ్యాపారిని సాగనంపడానికి వచ్చి ఆమెకి ఎదురుపడ్డారు. ఆ వ్యాపారిని చెయ్యి పట్టుకుని బోర్డు దగ్గరికి తీసుకెళ్ళారు. ఎర్ర అక్షరాలు పైకి చదివారు.

"ఇది నేను రాయించిందేనండి. ఆ రాత్రి మా తమ్ముడి కూతురూ ఉంది. ఏమ్మా, చెప్పు."

"ఆయ్, అవునండి," అంది శిరీష.

వ్యాపారి మంచి పని చేశారండీ, ఎంతమందికి ఉపకారమో అన్నాడు. సత్యప్రసాద్‌గారు సంతోషంగా శిరీష భుజం వైపు చెయ్యి చాపారు. పుస్తకాల సంచి బరువుగా ఉన్నట్టుంది, బస్సు వచ్చేదాకా తను పట్టుకుంటానన్నారు.

శిరీష సంచిని రెండో భుజానికి మార్చుకుంది. పట్టీని రెండు చేతులతోనూ పట్టుకుంది.

"వద్దండి," అంది.

ఆయన చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తరవాత ఆయన మళ్ళీ వ్యాపారి వైపు తిరిగి, సూర్యోదయం లెక్క చెప్పడం మొదలుపెట్టారు. బండారులంక బస్సు వచ్చింది. శిరీష ఆయనకి చెప్పకుండానే ఎక్కింది.